నాడె గురించి నేనడగని ప్రశ్న

లింగన్నను సాంచాల మీది నుంచి దింపేశారు. అతను ఎవరికీ హాని చేయలేదు. అతని నుంచి ఎవరికీ జబ్బు అంటలేదు. ఆ కార్ఖానాలో అంటుకునే దారి కూడా లేదు. పద్నాలుగేళ్లు అవే ఎనిమిది సాంచాలు నడిపిన మనిషి ఒక పొద్దున పాళీ, అంటే షిఫ్టు, ఎక్కడానికి వస్తే, పని పంచే ముకాదం గేటు దగ్గరే ఆపి "ఇయ్యాల్టి నుంచి నువ్వు నాడె ముట్టొద్దు" అన్నాడు. ఇది అన్యాయం. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఇందులో మొదటి చెయ్యి నాదే కాబట్టి ఇంకాస్త ఎక్కువ మండుతుంది.

హెచ్ఐవి పరీక్ష కోసం వచ్చేవాళ్లతో మాట్లాడే పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. ఫారాలు ఎట్లా నింపాలో మీకు శిక్షణలో చెబుతారు. అక్కడ చెప్పని సంగతులు రాస్తాను. ఇందులో ఉన్నవాళ్లు ఒప్పుకున్నాకే రాస్తున్నా. పేర్లు మార్చాను. మార్చిన పేరు బాగాలేదని ఒకడు అలిగాడు కూడా.

సూది వెయ్యని సూది కాక

నేను జగిత్యాల పక్క ఊరి నుంచి పంతొమ్మిదో ఏట సూరత్ వచ్చాను. పదకొండేళ్లు సాంచాలు నడిపాను. సాంచా అంటే మరమగ్గం, మా వైపు అట్లాగే అంటాం. ఆ చప్పుడుకు ఎడమ చెవి సగం పోయింది. ఆ తర్వాత ఇంకో పదిహేనేళ్లు గుడ్డల మార్కెట్లో గుమాస్తాగా ఉన్నాను. చదువు ఏడో తరగతి. గుజరాతీ దుకాణాల బోర్డులు చూసి నేర్చుకున్నాను. ఇంగ్లీషు కరపత్రాలు డిక్షనరీ పక్కన పెట్టుకుని, ఒక్కో పేజీ మూడు రోజులు చదివాను.

మన కూలీలతో తెలుగులో మాట్లాడే మనిషి కావాలని ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్లు వెతుకుతుంటే నేను దొరికాను. ఆసుపత్రిలో పరీక్షా కేంద్రం బయట, వరండాలో ఒక బల్ల వేశారు. పదిహేడేళ్లు ఆ బల్లే నా ఆఫీసు. రక్తం తీసేది ల్యాబ్ అమ్మాయి, మందు రాసేది డాక్టర్ మేడం. నా పని మాట్లాడటం, అంతకంటే ఎక్కువ వినడం. ఒక చెవి సగమే పనిచేసే మనిషికి వినే ఉద్యోగం ఇచ్చారని మేడం నవ్వేది. మనవాళ్లు మాత్రం నాకు "సూది కాక" అని పేరు పెట్టారు. నా జన్మలో ఒక్క సూది వెయ్యలేదు.

పని చిన్నదే. వచ్చినవాణ్ణి మూడు సంగతులు అడగాలి. ఏం జరిగింది? ఎప్పుడు జరిగింది? అవతలి మనిషి సంగతి ఏమన్నా తెలుసా? ఈ వైరస్‌కు దారులు తక్కువ. కండోమ్ లేని కలయిక, ఒకరు వాడిన సూది ఇంకొకరు వాడటం, పరీక్ష చేయని రక్తం, తల్లి నుంచి బిడ్డకు. దోమ, కంచం, చెమట, ఉమ్మి, పాయిఖానా, ఇవేవీ దారులు కావు. ప్రమాదం నిజంగా ఉంటే డెబ్బై రెండు గంటల లోపల మందు మొదలుపెట్టాలి. ఎంత తొందరగా మొదలుపెడితే అంత మేలు. ఇరవై ఎనిమిది రోజులు వదలకుండా మింగాలి. ఆ గడువు దాటితే ఆ మందు పనికిరాదు. ఇక పరీక్షలే. మొదటి రోజు ఒకటి, ఆరు వారాలకు ఒకటి, మూడు నెలలకు ఒకటి.

ఇది తెలుసుకోవడానికి వారం చాలు. వచ్చినవాడి భయం ఎంత, ప్రమాదం ఎంత అని విడదీయడం నేర్చుకోవడానికి నాకు పదిహేడేళ్లూ పట్టింది. ఒక్కోసారి అప్పటికీ రాలేదు.

పూతరేకుల ఇంజినీరు

హజీరా ప్లాంటులో పనిచేసే ఒక ఇంజినీరు వచ్చాడు. ఆల్థాన్‌లో ఉండేవాడు, గోదావరి వైపు మనిషి. ఇస్త్రీ చొక్కా, చేతిలో కారు తాళం. వెనకాల వరుసలో పదిమంది కూర్చుని ఉన్నారు.

"మంగలి షాపులో గడ్డం గీసేటప్పుడు తెగిందండీ. బ్లేడు కొత్తదో పాతదో చూసుకోలేదండి. నిన్నటి నుంచీ నిద్ర లేదండి."

మంగలి కత్తితో ఇది అంటడం దాదాపు జరగని పని అని చెప్పి పంపేశాను. మూడు రోజులకు మళ్లీ వచ్చాడు. గడ్డం పెరిగి ఉంది.

"మేస్టారూ, బ్లేడు కాదండి."

"మరి?"

"టూర్ వెళ్లినప్పుడు లాడ్జిలో... కండోమ్ చిరిగిపోయిందండి."

"ఎప్పుడు?"

వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పాడు. అయిదు రోజులయింది. మొదటిసారి నా బల్ల ముందు కూర్చున్నప్పుడు గడువు ఇంకా ఉంది. ఇప్పుడు లేదు. ఆ మాట చెబితే కారు తాళం కింద పడేసుకున్నాడు.

మూడు నెలలు అతనితో పాటు నేనూ లెక్కపెట్టాను. నాలుక అద్దంలో చూసుకునేవాడు, మెడ కింద గడ్డలు వెతుక్కునేవాడు. జలుబు చేస్తే అదే అనుకునేవాడు. "మీరు గడ్డ కోసం అట్లా నొక్కుతూ ఉంటే మంచివాడి మెడ కూడా వాస్తుంది" అని తిట్టాను. మూడు పరీక్షలూ నెగెటివ్ వచ్చాయి. ఆ తర్వాత పేరు రాయకుండా ఒక పూతరేకుల డబ్బా నా బల్ల మీదికి వచ్చింది. ల్యాబ్ అమ్మాయి కాగితం కూడా తినాలా అని అడిగింది.

నేను నేర్చుకున్న పాఠం ఏమిటంటే, జనం మొదటిసారి అబద్ధం చెబుతారు, గట్టిగా లాగితే నిజం వస్తుంది. ఇది తప్పుడు పాఠం. అతను అబద్ధమాడింది వెనకాల పదిమంది వింటున్నందుకు. తప్పు నా బల్లది, తలుపు లేని వరండాది. నేను మాత్రం అబద్ధం పసిగట్టడంలో మొనగాణ్ణని గర్వపడటం మొదలుపెట్టాను. ఆ గర్వమే లింగన్నను దింపింది.

ఊకెనే వచ్చినోడు

శ్రీను ఇరవై ఆరేళ్లవాడు. నవాగామ్‌లో మనవాళ్ల గదుల్లో ఉంటాడు. రాత్రి పాళీ దిగి, దూది అంటిన తలతోనే నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఆడమనిషి దగ్గరికి పోయినవా?"

"లే కాకా."

"మగోళ్ల దగ్గరికి?"

"ఛీ కాకా."

"ఛీ ఏంది? జవాబు చెప్పు."

"లే."

"సూదులు గిట్ల? రక్తం ఎక్కిచ్చుకున్నవా?"

"లే."

"మరి దేనికొచ్చినవురా?"

"ఊకెనే."

పరీక్ష చేశారు, నెగెటివ్. వారానికి మళ్లీ వచ్చాడు. మళ్లీ నెగెటివ్. మూడోసారికి మనిషి చిక్కిపోయాడు. భయంతో తిండి మానేశాడు, తిండి మానేస్తే బరువు తగ్గింది, బరువు తగ్గిందని ఇంకా భయపడ్డాడు. పెదాలు కాలి పొక్కులున్నాయి. అదేంది అని అడిగితే వేడి చాయ్ అన్నాడు.

ఎవరి దగ్గరికో పోయాడు, చెప్పడం లేదు అని నేను తేల్చేసుకున్నాను. నాలుగోసారి నెగెటివ్ కాగితం చేతికిచ్చి గొంతు పెంచాను.

"ఊకెనే ఎవడన్న నాలుగుసార్లు పొడిపిచ్చుకుంటడారా? నిజం చెప్పేటట్టుంటే రా. లేకుంటే నా మొఖం చూడకు."

వాడు లేచి నిలబడ్డాడు. "కాకా, ఒక్క మాట అడుగుత..."

"నిజమేనా?"

వరుసలో కూర్చున్నవాళ్ల వైపు చూశాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ ఒక్క మాట నేను వినలేదు. వినే ఉద్యోగం నాది.

ఆ ఒక్క మాట

పదిరోజులకు లింగన్న నెల మందుల కోసం వచ్చాడు. నలభై అయిదు దాటిన మనిషి, నాలుగేళ్లుగా మందు తప్పకుండా వేసుకుంటున్నాడు. బుగ్గలో ఎప్పుడూ మావా ఉంటుంది. వక్క, పొగాకు, సున్నం కలిపి నలిపే ఆ సరుకు మానమని నాలుగేళ్లుగా చెబుతున్నాను. హెచ్ఐవి మందు మాత్రం ఒక్కరోజు మర్చిపోడు, మావా ఒక్కరోజు మానడు.

"కాకా, నన్ను దింపిండ్రు" అన్నాడు.

సంగతి ఇది. లింగన్న, శ్రీను జోడీ. అంటే అవే ఎనిమిది సాంచాలు ఒకడు పగలు, ఒకడు రాత్రి నడుపుతారు. పాళీ మారేటప్పుడు సాంచాలతో పాటు నాడెలు కూడా చేతులు మారతాయి. నాడెలో పేక దారం చుట్టిన కండె ఉంటుంది. కండె అయిపోతే సాంచా ఆగుతుంది. కొత్త కండె పెట్టి, దారం కొసను నాడె కన్నం దగ్గర ఉంచి, కన్నానికి నోరు పెట్టి ఒక్క పీల్పు పీల్చాలి. దారం బయటికి వస్తుంది. ఒక పాళీలో ఇట్లా ఎన్నిసార్లో లెక్కుండదు. ఒకడి నోటి తడి ఆరకముందే ఇంకొకడి నోరు.

లింగన్న మందు డబ్బా గదిలో చూసి శ్రీను అడిగాడు. తమ్ముడిలాంటివాడు కదా అని లింగన్న ఉన్న మాట చెప్పి, ఎవరికీ చెప్పొద్దని మాట తీసుకున్నాడు. శ్రీను మాట ఇచ్చాడు. మరుసటి పాళీలో మొదటి కండె అయిపోయి సాంచా ఆగగానే, వాడు నాడె కన్నాన్ని చొక్కాకు తుడిచి తుడిచి పీల్చాడు.

నా దగ్గరికి వచ్చాడు. నాడె గురించి అడగాలంటే జోడీ ఎవరో బయటపడుతుంది. అందుకే అన్నిటికీ లే అన్నాడు. అన్నీ నిజాలే. నేను గద్దించి పంపేశాక అడిగే చోటు లేక ముకాదాన్ని అడిగాడు: "నాడె నోట పెట్టుకుంటే ఎయిడ్స్ వస్తదా?" ముకాదం ఒక్క నిమిషం ఆలోచించాడు. శ్రీను నాడె మీద ఇంకెవరి నోరు పడుతుంది? ఒక్కడిదే.

"శ్రీనుగాని మీద కోపం లేదు కాకా" అన్నాడు లింగన్న. "నెల దినాలు వాడు మాట నిలబెట్టుకున్నడు. నాలుగుసార్లు సూది పొడిపిచ్చుకున్నడు గని నా పేరు తియ్యలే. నీకు సుత చెప్పలేదట గద?"

పదకొండేళ్లు నేను కూడా ఆ కన్నానికి నోరు పెట్టి పీల్చినవాణ్ణే. నా ముందు పళ్ల మీద ఆ దారం కోసిన గాడి ఇంకా ఉంది. ఫారంలో నాడె లేదు కాబట్టి నేను నా నోటినే మర్చిపోయాను.

మేడంకు చెప్పాను. వరాఛాలో పుట్టి పెరిగిన మనిషి, కోపమొస్తే హిందీలోకి దిగుతుంది. "కాకా, ఆప్ కౌన్సెలర్ హో యా థానేదార్?" అంది, ఊరడించేవాడివా పోలీసు అధికారివా అని. ఆ తర్వాత నెమ్మదిగా, "ఏం చేశావని అడిగాం. దేనికి భయపడుతున్నావని ఎవరమైనా అడిగామా?" అంది. నా పైన ఉన్నవాళ్లలో నన్ను సరిగ్గా తిట్టింది ఆమె ఒక్కతే. అందుకే ఆమె అంటే నాకు ప్రాణం.

రోజుకు ఒక్క ఫోన్

మధ్యాహ్నం నవాగామ్ వెళ్లాను. ఒకే గదిలో పగటి పాళీవాళ్ల పక్కల మీద రాత్రి పాళీవాళ్లు పడుకుని ఉన్నారు. శ్రీను మెట్ల మీద కూర్చుని గ్లాసు నిండా పొగలు కక్కే ఉప్పునీళ్లు పుక్కిలిస్తున్నాడు. పెదాల పొక్కుల సంగతి అప్పుడు అర్థమైంది.

"తప్పు నాదిరా" అన్నాను. "నాడె గురించి నేనే అడగాల్సింది."

గ్లాసు పక్కన పెట్టి ఏడ్చాడు. ఆ తర్వాత ప్రశ్నలు. నెల రోజులవి.

"ఉమ్మితోని రాదా?"

"రాదు."

"చిగుళ్లకెల్లి రక్తమొస్తే?"

"నాడె మీద తడి ఉంటది, గాలి తగులుతది. ఆ పురుగు ఒంటి బయట అట్ల బతికి ఇంకొకల నోట్లెకెల్లి పోదు. గిట్ల వచ్చేదుంటే మన సాంచాలోళ్లంత ఎప్పుడో నా బల్ల ముంగట కూసునేటోళ్లు. ఇంకోటి, చెప్పమని లింగన్నే అన్నడు కాబట్టి చెప్తున్న. మందుతోని ఆయన రక్తంల అది పరీక్షకు దొరకనంత తగ్గింది."

"నిజంగనా?"

"నిజంగనే. నోరు కాల్చుకునుడు బంద్ చెయ్."

ఒకసారి చెబితే భయం పోదు. ఇది రాసి పెట్టుకోండి. బుర్రకు అర్థమైన సంగతి కడుపుకు అర్థం కావడానికి రోజులు పడుతుంది. ఇంకో పరీక్ష, ఇంకో పరీక్ష అని తిరిగేవాడికి ఒక్కో నెగెటివ్ కాగితం రెండు రోజుల నిద్ర ఇస్తుంది, మూడో రోజు మళ్లీ మొదలు. అందుకని శ్రీనుతో ఒప్పందం చేసుకున్నాను. పరీక్షలు ఇక లేవు. ఫోన్‌లో జబ్బు గురించి వెతకడం లేదు. మెస్‌లో రెండు పూటలా తినాలి. భయమేస్తే కాగితం మీద రాసుకోవాలి, పాళీ దిగాక రోజుకు ఒక్కసారి ఫోన్ చేసి అన్నీ ఒకేసారి అడగాలి. మొదటి రోజు అడిగినవి రాసుకుంటే నా నోటుపుస్తకంలో పేజీ నిండింది. వారానికి సగం పేజీ అయింది. మూడో వారం ఒకరోజు ఫోన్ చేసి, "కాకా, ఏదో అడుగుదామనుకున్న, యాద్ లేదు" అన్నాడు. మేడంకు పరుగెత్తుకుంటూ వెళ్లి చెప్పాను.

సేఠ్ గారి షరతు

లింగన్నను దింపడం చట్టం ఒప్పుకోదని కార్ఖానా యజమాని సేఠ్‌కు చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు, అదే చిక్కు. చెడ్డవాడితో కొట్లాడొచ్చు.

"మనే వాంధో నథీ కాకా. నాకేం అడ్డు లేదు" అన్నాడు. "పనిలోంచి తియ్యలేదు కదా, కండెలు చుట్టే మిషన్ మీద పెట్టా. జోడీ ఉండే మనిషిని తెచ్చుకుంటే రేపే సాంచాలు ఇస్తా."

కండెలు చుట్టేది కొత్తగా వచ్చినవాళ్ల పని, కూలి తక్కువ. పద్నాలుగేళ్ల పనివాణ్ణి అక్కడ కూర్చోబెట్టడం చెంపదెబ్బే. నాకు రోషం వచ్చింది. అందరూ చూస్తుండగా లింగన్నను ఒక నాడెకు దారం పీల్చమన్నాను. ఆ తడి నాడె తీసుకుని నేను నోట పెట్టుకుని పీల్చాను. గొప్ప పని చేశాననుకున్నాను. చుట్టూ నిలబడ్డవాళ్లు గారడీ చూసినట్టు చూశారు.

"కాకా, నీకు అరవై దాటినయ్, నీకేం పోతది?" అన్నాడు ఒకడు. అందరూ నవ్వారు. లింగన్న కూడా నవ్వాడు. నా నోట్లో మాత్రం మావా చేదు సాయంత్రం దాకా పోలేదు.

నాడె నోటితో పీల్చడం మంచిదని నేననను. దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది, దగ్గు జబ్బులున్నాయి. దారం లాగే కొక్కెం ఉంది. ఇనప కొక్కెం కంటే నోరు తొందర కాబట్టి ఎవడూ వాడడు. అది వేరే కొట్లాట, అందులోనూ నేను ఓడిపోయాను.

జోడీగా ఒక్క శ్రీను ఎక్కితే చాలు. నాలుగుసార్లు పరీక్ష చేయించుకున్నవాడే ఎక్కితే మిగతావాళ్లకు మాట్లాడే నోరుండదు. కానీ వాణ్ణి అప్పటికే వేరే సాంచాల మీదికి మార్చారు. అడిగితే "చూస్త కాకా" అనేవాడు. ఇంకా భయమే అనుకుని, కలిసినప్పుడల్లా వైరస్ గురించి పాఠం చెప్పాను. నెలలు గడిచాయి. నేను పనిలోంచి దిగిపోయిన రోజు మేడం పూలదండ వేసింది. లింగన్న ఇంకా కండెలు చుడుతూనే ఉన్నాడు. ఆ దండ నాకు మెడలో గుచ్చుకుంది.

ఇంటికొచ్చి ఖాళీగా కూర్చున్నాక తట్టింది. మళ్లీ అదే తప్పు చేశాను. వాడికి జబ్బు భయమే అని నేనే తేల్చేసుకున్నాను, వాణ్ణి అడగలేదు. ఫోన్ చేశాను.

"శ్రీనూ, పాఠం చెప్పను. ఒక్కటే అడుగుత. ఇప్పుడు నువ్వు దేనికి భయపడుతున్నవ్?"

సాంచాల చప్పుడు దూరమైంది, వాడు బయటికి నడిచాడు.

"నాడెకు కాదు కాకా. మాట ఇచ్చి తప్పిన. నా నోటికెల్లే గద ఆయన దిగింది. లింగన్న మొఖం ఎట్ల చూడాలె?"

"ఈ మాట లింగన్నకు చెప్పనా?"

"చెప్పు. నాతోని అయితలేదు."

లింగన్నకు చెప్పాను. మావా ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మార్చి, "గంతేనా? వాడింకా నా జబ్బుకు భయపడుతుండనుకున్న. సేఠ్ సాంచాలు ఇస్తనన్నడు గద, రమ్మన్ననని చెప్పు" అన్నాడు. అదే మాట శ్రీనుకు ఫోన్‌లో రాసి పంపాను. జవాబు లేదు. రోజూ ఫోన్ తీసి చూసుకునేవాణ్ణి, వాడు తన నాలుక చూసుకున్నట్టే.

పదకొండో రోజు సాయంత్రం శ్రీను తన గొంతు రికార్డు చేసి పంపాడు. వెనకాల సాంచాల చప్పుడు. మంచి చెవికి ఆనించుకుని విన్నాను:

"కాకా, రాత్రి లింగన్నను మళ్ల సాంచాల మీదికి ఎక్కిచ్చిండ్రు, పొద్దుగాల ఆయన దగ్గర నేను తీసుకున్న. పాళీ మొత్తం నడిపిన. జర నువ్వన్న చెప్పు ఆయనకు. మావా నములుకుంట నాడె నోట్లె పెట్టుకుంటుండు, నా నోరంత పొగాకు చేదు. పేక మీద మరకలు సుత పడుతున్నయ్. గిట్లనే చేస్తే నేను జోడీ ఉండనని చెప్పు."